ఒకే పలుకు, రెండు స్పెల్లింగులు

చరిత్ర వ్యాసం రాయమనగానే మా తరగతిలో చాలామంది రాజుల మీద రాశారు. ఖారవేలుడి మీదే ముగ్గురు రాశారు. నేను రాజుల జోలికి పోకుండా ఇంగ్లీషు మాటల మీద రాస్తున్నాను. అన్ని మాటలూ కాదు. ఒకేలా పలుకుతూ, ఒకటి రెండు అక్షరాల తేడాతో మనల్ని తికమకపెట్టే జంట మాటలు ఉంటాయి కదా, వాటి గురించి. ఇది ఇంగ్లీషు పీరియడ్ విషయం కదా అని మీరు అనవచ్చు. అర్థాల తేడా గ్రామరు పుస్తకంలో ఉంటుంది, నిజమే. కానీ ఆ మాటలు రెండెందుకయ్యాయో అందులో లేదు. అది చరిత్రలోనే దొరికింది.

దీని మీద నాకు ఆసక్తి మా అక్క వల్ల పుట్టింది. అక్క కూడా తెలుగు మీడియంలోనే పదో తరగతి వరకు చదివింది. ఇప్పుడు డిగ్రీ అయిపోయి బ్యాంకు పరీక్షలకు తయారవుతోంది. లెక్కల్లో అక్కకి ఢోకా లేదు. ఇంగ్లీషు భాగంలోనే మార్కులు పోతున్నాయి, అందులోనూ ఈ జంట మాటల దగ్గర. ఒక నోటుబుక్కు నిండా జంటలు రాసుకుని బట్టీ పట్టింది. వారం తిరిగేసరికి ఏది ఏదో మళ్లీ కలిసిపోతాయి. మొన్న రెండోసారి ఫలితాలు వచ్చిన రోజు రాత్రి నాన్న భోజనం దగ్గర, "తెలుగు మీడియంలో వేసి పిల్లకి అన్యాయం చేసామేటి?" అన్నారు. అమ్మ ఏమీ అనలేదు. అక్క కంచం తీసుకుని లేచి వెళ్లిపోయింది.

నాన్న అన్న మాట నిజమా కాదా అని నాకు తెలుసుకోవాలనిపించింది. మా లైబ్రరీలో ఉన్న పెద్ద డిక్షనరీ, ఇంగ్లీషు మాస్టారు ఇచ్చిన రెండు పుస్తకాలు చదివి ఇది రాస్తున్నాను.

ముందు ఒక సంగతి. తెలుగులో డిక్టేషన్ చెబితే విన్నది విన్నట్టు రాస్తాం. ఒత్తులు, దీర్ఘాలు సరిగ్గా వింటే చాలు. అందుకే ఈ వ్యాసంలో నాకొక చిక్కు వచ్చింది. బ్యాంకులో రాసి ఇచ్చే చెక్‌నీ, సరిచూడటం అనే చెక్‌నీ తెలుగులో రాస్తే రెండూ ఒకటే. ఇంగ్లీషులో మొదటిదానికి చివర క్యూ, యూ, ఈ ఉంటాయి. రెండోదానికి సీ, కే ఉంటాయి. కాబట్టి ఇక్కడ అవసరమైన చోట అక్షరాల పేర్లు చెబుతూ రాస్తాను, కాస్త ఓపిక పట్టండి.

మా వీధి చివర ఒక పుస్తకాల కొట్టు ఉంది. పేరు వద్దు, అందరికీ తెలిసిన కొట్టే. దాని బోర్డు మీద పెయింటరు స్టేషనరీ అనే మాటలో చివరి ఆర్ ముందు ఈ రాయాల్సిన చోట ఏ రాశాడు. ఈ ఉంటే కాగితాలు, పెన్నులు అని అర్థం. ఏ ఉంటే కదలకుండా ఉన్నది అని. కాలేజీ కుర్రాళ్లు కొందరు దాన్ని ఫోటో తీసి నవ్వుకున్నారు. కొట్టు మావయ్యకి సంగతి తెలిసి, "కదలనిదే కదేటి బాబూ? ముప్పై ఏళ్లయి ఇక్కడే ఉంది" అన్నాడు. అందరూ ఇంకా నవ్వారు. కానీ డిక్షనరీ తీసి చూస్తే మావయ్య అన్నదే చరిత్ర.

లాటిన్ భాషలో స్టేషియో అంటే నిలబడటం, నిలిచే చోటు. మన రైల్వే స్టేషన్ కూడా ఆ మాటే. 1900లో మా పర్లాకిమిడి రాజావారు నౌపడా నుంచి చిన్న రైలు వేయించినప్పుడు మా ఊరికి కూడా ఒక స్టేషన్ వచ్చింది, అంటే బండి నిలిచే చోటు. ఐరోపాలో పాతకాలంలో సరుకులమ్మేవాళ్లలో చాలామంది మూటలు మోసుకుని ఊరూరా తిరిగేవాళ్లు. పుస్తకాలు అమ్మేవాళ్లు మాత్రం విశ్వవిద్యాలయాల దగ్గర, పెద్ద చర్చిల దగ్గర ఒకే చోట కొట్టు పెట్టుకుని ఉండేవాళ్లు. అలా ఒకచోట నిలిచి ఉన్న వర్తకుడికి స్టేషనర్ అని పేరు వచ్చింది. లండనులో వీళ్ల సంఘం 1403లో ఏర్పడింది. 1557లో ఆ సంఘానికి రాజముద్ర ఉన్న పత్రం కూడా దొరికింది. స్టేషనర్ అమ్మే సరుకు స్టేషనరీ అయింది. అమ్మేవాడి పేరు చివర ఈ, ఆర్ ఉన్నాయి కాబట్టి సరుకులోనూ ఈ వచ్చింది. అంటే రెండు మాటలకీ తల్లి ఒకటే. ఒకటి కదలని వస్తువు, ఇంకొకటి కదలని కొట్టులో దొరికే వస్తువు. ఈ సంగతి చెప్పాక అక్క ఈ జంటని నోటుబుక్కులోంచి కొట్టేసింది. మళ్లీ చదవనక్కర్లేదంది.

ఇక స్పెల్లింగు అసలు ఇంత చిక్కుగా ఎందుకుంది అన్న ప్రశ్న. దీనికి మూడు నాలుగు కారణాలు కలిశాయి. 1066లో ఫ్రాన్సు నుంచి నార్మన్లు వచ్చి ఇంగ్లండుని గెలిచారు. ఆ తర్వాత రాతకోతలు చేసేవాళ్లు తమకి అలవాటైన ఫ్రెంచి పద్ధతిలో ఇంగ్లీషు మాటలు రాయడం మొదలుపెట్టారు. రాణి అనే అర్థమున్న క్వీన్ అనే మాటలో పూర్వం సీ, డబ్ల్యూ ఉండేవి. వాళ్ల చేతిలో అవి క్యూ, యూ అయ్యాయి. అప్పటికీ స్పెల్లింగు స్థిరం కాలేదు. ఒక్కొక్క ప్రాంతంవాడు తన పలుకు ప్రకారం రాసుకునేవాడు.

1476లో విలియం కాక్స్‌టన్ అనే ఆయన లండను పక్కన వెస్ట్‌మినిస్టర్‌లో అచ్చుయంత్రం పెట్టాడు. ఇంగ్లండులో అదే మొదటిది. ఆయన చాలా ఏళ్లు బ్రూజ్ వంటి ఊళ్లలో వ్యాపారం చేసి వచ్చినవాడు. ఆయన దగ్గర పనిచేసినవాళ్లలో అటువైపు వాళ్లు ఉన్నారు. దెయ్యం అనే అర్థమున్న గోస్ట్‌లో పలకని హెచ్ ఒకటి ఉంది కదా, అది ఫ్లెమిష్ భాష అలవాటు మీద అచ్చులోకి దూరిందంటారు. దెయ్యం మాటలోకి దెయ్యంలా దూరింది!

అచ్చు వచ్చాక స్పెల్లింగులు మెల్లగా గట్టిపడ్డాయి. సరిగ్గా ఆ కాలంలోనే జనం పలుకు మారిపోవడం మొదలైంది. 15వ శతాబ్దం నుంచి 18వ శతాబ్దం దాకా ఇంగ్లీషులో దీర్ఘాలన్నీ ఒకదాని చోటుకి ఒకటి జరిగాయి. మాంసం అనే మీట్‌లో ఈ, ఏ ఉంటాయి. కలుసుకోవడం అనే మీట్‌లో రెండు ఈలు ఉంటాయి. పూర్వం ఈ రెండింటినీ వేరువేరుగా పలికేవాళ్లు, అందుకే వేరువేరుగా రాశారు. తర్వాత పలుకులు కలిసిపోయాయి, రాత కలవలేదు. సముద్రం, చూడటం అనే రెండు సీలూ అంతే. వీరుడు అనే నైట్ ముందు కే ఎందుకుందని మనం విసుక్కుంటాం. ఒకప్పుడు ఆ కే పలికేవాళ్లు. మధ్యలో జీ, హెచ్ కూడా గొంతులోంచి పలికేవాళ్లు. రాత్రి అనే నైట్‌కి మొదట్లో కే పలుకు లేదు, అందుకని రాయలేదు. అంటే ఈ మాటల్లో పలకని అక్షరాలు పాత పలుకులకి గుర్తులు. కోట గోడలో పాత శాసనం రాయి కనబడినట్టే నాకు అనిపించింది.

ఇవన్నీ ఒక రకం, రెండు మాటలు వినడానికి ఒకటైనవి. నాకు ఇంకా నచ్చింది రెండో రకం. ఒక్క మాటనే విడదీసి రెండు చేశారు.

పువ్వు అనే ఫ్లవర్, పిండి అనే ఫ్లవర్ మొదట ఒకటే మాట. రెండింటినీ ఎలా పడితే అలా రాసేవాళ్లు. గోధుమలు విసిరి జల్లించాక వచ్చే మేలైన మెత్తటి పిండిని గోధుమల పువ్వు అనేవాళ్లు. శ్రేష్ఠమైన భాగం అని అర్థం. 1755లో శామ్యూల్ జాన్సన్ తన గొప్ప డిక్షనరీ వేసినప్పుడు కూడా పిండికి వేరే స్పెల్లింగు పెట్టలేదు. అది రెండు పెద్ద సంపుటాలు, దాదాపు 42,000 మాటలు ఉన్నాయి. అంత పెద్ద పండితుడికి ఈ రెండింటినీ విడదీయాలని అనిపించలేదన్నమాట. 19వ శతాబ్దం వచ్చాకే పిండికి ఓ, యూ, ఆర్ ఖాయమైంది, పువ్వుకి ఓ, డబ్ల్యూ, ఈ, ఆర్ మిగిలింది. ఈ రోజు పరీక్షలో ఒకటి బదులు ఇంకొకటి రాస్తే మార్కు పోతుంది. జాన్సన్ గారే వచ్చి రాసినా పోతుంది.

లోహం అనే మెటల్, ధైర్యం అనే మెటిల్ కూడా అలాంటివే. మనిషి ఏ లోహంతో చేయబడ్డాడు అనే అర్థంలో ధైర్యానికి లోహం మాటనే వాడారు. ఆ తర్వాత అర్థానికో స్పెల్లింగు పంచారు. గుట్టుగా ఉండేవాడు అనే డిస్క్రీట్‌లో రెండు ఈలు పక్కపక్కన ఉంటాయి. విడివిడిగా ఉన్నవి అనే డిస్క్రీట్‌లో ఆ రెండు ఈల మధ్య టీ వస్తుంది. లాటిన్‌లో ఇవి రెండూ ఒకటే, వేరుచేసినది అని అర్థం.

షేక్స్‌పియర్ చేతి సంతకాలని పండితులు ఒప్పుకునేవి 6 మిగిలాయి. వాటిలో ఏ ఒక్కదానిలోనూ ఆయన పేరు మన పాఠ్యపుస్తకంలో ఉన్న స్పెల్లింగుతో లేదు. అన్నీ ఒకేలా కూడా లేవు. ఇది చదివినప్పుడు నేను అక్కని పిలిచి మరీ చూపించాను.

మూడో రకం పండితులు చేసిన పని. అప్పు అనే డెట్‌లో బీ మొదట లేదు. ఫ్రెంచి నుంచి వచ్చినప్పుడు బీ లేకుండానే వచ్చింది. తర్వాత లాటిన్ మీద మోజున్నవాళ్లు, దీని మూలం డెబిటుమ్ కదా, ఆ బీ ఏదీ అని తెచ్చి పెట్టారు. ఎవరూ పలకలేదు, ఎవరూ తీయలేదు. ద్వీపం అనే ఐలండ్‌లో ఎస్ ఇంకా అన్యాయం. ఆ మాట లాటిన్‌ది కానే కాదు, పాత ఇంగ్లీషుది. ద్వీపానికే ఐల్ అని ఫ్రెంచి నుంచి వచ్చిన ఇంకో మాట ఉంది, లాటిన్ మూలం వల్ల దానికి ఎస్ ఉంది. దాన్ని చూసి దీనికీ ఎస్ తగిలించారు. అక్కడితో ఆగలేదు. చర్చిలో, బస్సులో సీట్ల మధ్య నడిచే దారిని కూడా ఐల్ అంటారు. అది రెక్క అనే మాట నుంచి వచ్చింది. దానికీ ఎస్ అంటుకుంది, ముందు ఏ కూడా చేరింది. అందుకే ఇప్పుడు రెండు ఐల్‌లు పరీక్షలో మనల్ని చూసి నవ్వుతున్నాయి.

చెక్‌ల సంగతి మొదట్లో చెప్పి వదిలేశాను. దాని కథ మన దేశంలో మొదలవుతుంది. మన చదరంగం పర్షియాకి వెళ్లింది. అక్కడ ఎదుటివాడి రాజు ప్రమాదంలో పడితే షా అనేవాళ్లు, అంటే రాజు. ఆ షా అరబ్బుల ద్వారా ఐరోపాకి చేరి, ఫ్రెంచిలో రూపం మారి, ఇంగ్లీషులో చెక్ అయింది. రాజుని అడ్డుకోవడం నుంచి ఆపడం అనే అర్థం, ఆపి చూడటం నుంచి సరిచూడటం అనే అర్థం వచ్చాయి. ఇంగ్లండు ఖజానాలో చదరంగం బల్లలా గళ్లున్న గుడ్డ మీద బిళ్లలు పెట్టి లెక్కలు చూసేవాళ్లు. అందుకే ఖజానాకి ఎక్స్‌చెకర్ అని పేరు. బ్యాంకుల్లో మోసం జరగకుండా సరిచూసుకోవడానికి ఉంచుకునే కాగితం ముక్కని మొదట చెక్ అన్నారు. ఎక్స్‌చెకర్ స్పెల్లింగు చూసి దానికీ క్యూ పెట్టారు. అమెరికా వాళ్లు ఇప్పటికీ రెండింటినీ సీ, కేతోనే రాస్తారు. వాళ్ల బ్యాంకులు బాగానే నడుస్తున్నాయి.

బ్యాంకు అంటే ఇంకో జంట. ప్రిన్సిపల్ అనే మాట చివర పీ, ఏ, ఎల్ ఉంటే మన స్కూలు పెద్ద. పీ, ఎల్, ఈ ఉంటే సూత్రం, నియమం. రెండూ మొదటిది అనే లాటిన్ మాట నుంచి వచ్చాయి. బ్యాంకు పరీక్షలో ఇంకో అర్థం కూడా వస్తుంది, అప్పులో వడ్డీ పోగా ఉండే అసలు. అది స్కూలు పెద్ద స్పెల్లింగే. "అసలు అంటే అప్పుకి పెద్ద కదా" అని అక్క తనే కలుపుకుంది. ఎడారి అనే డెజర్ట్‌లో ఒక ఎస్, భోజనం చివరి తీపిలో రెండు. మొదటిది వదిలేసిన చోటు. రెండోది ఫ్రెంచిలో వడ్డించినవి తీసేయడం అనే మాట, బల్ల మీద గిన్నెలు తీశాక తెచ్చేది కాబట్టి. మన విస్తట్లో తీపి ముందే వేస్తారు, అందుకే మనకి ఆ మాట లేదేమో!

ఈ చిక్కులు తీసేద్దామని ప్రయత్నించినవాళ్లు లేకపోలేదు. అమెరికాలో నోవా వెబ్‌స్టర్ తన 1828 డిక్షనరీలో రంగు అనే కలర్‌లో యూ తీసేశాడు, అది నిలిచింది. నాలుక అనే టంగ్‌ని టీ, యూ, ఎన్, జీ అని నాలుగు అక్షరాల్లో రాద్దామన్నాడు, ఎవరూ వినలేదు. 1906లో అమెరికా అధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్ట్ 300 మాటలకి తేలిక స్పెల్లింగులు వాడమని ప్రభుత్వ అచ్చు కార్యాలయానికి ఆజ్ఞ ఇచ్చాడు. పత్రికలు ఎగతాళి చేశాయి. డిసెంబరులో అక్కడి ప్రతినిధుల సభ కుదరదు అంది. అధ్యక్షుడు కూడా వెనక్కి తగ్గాల్సి వచ్చింది. అంత పెద్ద పదవిలో ఉన్నవాడు డెట్‌లోంచి బీని కదపలేకపోయాడు.

దాదాపు అవే రోజుల్లో మా ఊళ్లో ఒక చరిత్ర మాస్టారు, రాతకీ పలుకుకీ మధ్య ఉన్న దూరం గురించే పోరాటం మొదలుపెట్టారు. గిడుగు వెంకట రామమూర్తి పంతులు గారు. ఇక్కడి వాళ్లకి ఆయన గురించి కొత్తగా చెప్పనక్కర్లేదు. రాజావారి స్కూల్లో, తర్వాత కాలేజీలో ఆయన పాఠాలు చెప్పారు. సవరల నోట సవర భాష విని నేర్చుకుని, వాళ్ల పిల్లలకి బడులు పెట్టించారు. చెవిని నమ్మిన మనిషి. ఆయన గొడవ స్పెల్లింగు గురించి కాదు, ఎప్పటి గ్రాంథికమో పుస్తకాల్లో ఉంచి, ఇంట్లో ఎవరూ మాట్లాడని తెలుగులో పిల్లల చేత రాయించడం గురించి. అయినా మూలం ఒకటే అని నాకు తోచింది. పలుకు నడుస్తుంది, రాత నిలబడిపోతుంది. స్టేషనరీ, ఏ ఉన్నది! 1919లో ఆయన "తెలుగు" అనే పత్రిక కూడా నడిపారు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడి పర్లాకిమిడి ఇందులో కలిసినప్పుడు ఆయన రాజమండ్రి వెళ్లిపోయారు. మేము ఇక్కడే ఉండిపోయాం, మా తెలుగు బడి కూడా.

తెలుగు రాత కూడా ఎప్పుడూ ఇప్పటిలాగే లేదు. మా నాయనమ్మ దగ్గర అట్ట ఊడిపోయిన పాత భారతం ఉంది. అందులో గుర్రంలో బండి ఱ ఉంది. వాడు అనే మాటలో సగం సున్న ఉంది, అరసున్న అంటారు. ఆ సున్నకి పని ఉండేది. ఏడు అంటే 7. అరసున్నతో ఏఁడు అంటే సంవత్సరం. నాడు అంటే దేశం, అరసున్నతో నాఁడు అంటే రోజు. ఇప్పుడు మనం అరసున్న వదిలేశాం. "ఏడు తిరిగింది" అంటే సంవత్సరం అని, "ఏడు కొండలు" అంటే లెక్క అని పక్క మాటని బట్టి అందరికీ తెలుస్తూనే ఉంది. ఇంగ్లీషువాళ్లు ఒక్క పువ్వుని రెండు చేసి పరీక్ష పెట్టారు. మనం రెండు ఏళ్లని ఒకటి చేసి హాయిగా ఉన్నాం. ఏది మంచిదని అడిగితే నేను మనదే మంచిదంటాను. మా ఇంగ్లీషు మాస్టారు మాత్రం, రెండు స్పెల్లింగులుంటే చదివేవాడికి కంటితోనే అర్థం తెలుస్తుంది, అదీ లాభమే అన్నారు. ఆయన అన్నదాంట్లోనూ నిజముంది.

నాన్న అడిగిన మాటకి నాకు దొరికిన జవాబు ఇది. ఈ జంటలు తెలియకపోవడానికి మీడియంతో సంబంధం లేదు. లండనులో పుట్టిన పిల్లలు కూడా వీటిని ఒక్కొక్కటిగా నేర్చుకోవాల్సిందే, ఎందుకంటే పలుకులో తేడా లేదు, వినడం వల్ల ఎవరికీ రావు. మనకి ఇంగ్లీషు తక్కువ వినబడుతుంది, అది నిజం. అది వేరే లోటు, దానికి వేరే మందు కావాలి. కానీ పిండి స్పెల్లింగు మర్చిపోయినంత మాత్రాన తెలుగులో చదవడం తప్పు అయిపోదు. ఇదంతా ఒక సాయంత్రం నాన్నకి చెప్పాను. పూర్తిగా విన్నారు. "అయితే ఆ బోర్డు తప్పు కాదన్నమాట" అన్నారు. తప్పే నాన్నా, ఇప్పటి లెక్కలో తప్పే అన్నాను.

అక్కకి వచ్చే నెల మళ్లీ పరీక్ష. నోటుబుక్కులో ఇంకా చాలా జంటలు ఉన్నాయి, రోజుకి రెండు చొప్పున ఇద్దరం డిక్షనరీలో వెనక్కి వెళ్లి చూస్తున్నాం. పై తరగతుల అక్కలూ అన్నలూ ఎవరికైనా కావాలంటే ఆ నోటుబుక్కు ఇస్తాను, పరీక్ష అయ్యాక. అలాగే మీ ఇళ్లలో అరసున్నలున్న పాత తెలుగు పుస్తకాలు ఏవైనా ఉంటే నాకు ఒక్క రోజు ఇవ్వండి. అట్ట వేసి మరీ తిరిగి ఇస్తాను.